మూడు రోజుల జాతీయ జట్టు

మా ఊరు హమాసెలో రైలు దిగగానే ఒక బోర్డు కనిపించేది. "మాజీ జాతీయ ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఇసోబె చిగుసా పుట్టిన ఊరికి స్వాగతం" అని. ఆ చిగుసా మా చెల్లెలు. ఊరికి ఆవిడ వెలుగు, నాకు మాత్రం వారానికి మూడు బస్తాల బురద బట్టలు. నాన్న పెట్టిన లాండ్రీ నేనే నడుపుతున్నాను. తను మా పైగదిలో ఉంటుంది. నది పక్క మట్టి మైదానంలో ఆడపిల్లలకు బంతి తన్నడం నేర్పి, ఆ పిల్లల చొక్కాలూ మేజోళ్ళూ తెచ్చి నా ముందు కుప్ప పోస్తుంది. నేను ఉతుకుతాను, ఉతుకుతూ సణుగుతాను. మోకాలు పాడై ఆట మానేసి తను ఇంటికొచ్చిన పదమూడేళ్ళలో మా అక్కాచెల్లెళ్ళ మధ్య నడిచిన ముచ్చట్లు దాదాపు అంతే.

ఆ ఏడు ఊరి సభకు నవంబరులో ఎన్నికలు. సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం మా పేట సంఘం పెద్ద నెగిషిగారు తియ్యటి బన్నుల పెట్టె పట్టుకుని వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, చేపల సహకార సంఘంలో పని చేసి రిటైరయ్యారు. పనీపాటూ లేకపోయేసరికి ఊరి రాజకీయమంతా నెత్తిన పెట్టుకున్నారు.

"పనికిమాలిన బన్నులమ్మా, ఏమీ అనుకోకండి" అంటూ పెట్టె నా చేతిలో పెట్టారు. ఊళ్ళోకెల్లా మంచి దుకాణంలోవి అవి.

సంగతేమిటంటే, నది పక్క మైదానాన్ని సౌర ఫలకాలు పెట్టుకోవడానికి ఒక కంపెనీకి లీజుకివ్వాలని సభలో ఉదగావాగారు తీర్మానం పెట్టారు. కొత్త సభ డిసెంబరులో దాన్ని తేలుస్తుంది. ఉన్నవి పన్నెండు సీట్లు. ఒక్క ఓటు అటుఇటైతే మైదానం ఉంటుంది, లేకపోతే పోతుంది.

"చిగుసాగారూ, మీరు నిలబడితే చాలు" అన్నారు నెగిషిగారు. "ప్రసంగం నేను రాస్తాను. మైకు బండి మా అల్లుడు తోలతాడు. మీరు తెల్ల చేతి తొడుగులు వేసుకుని చెయ్యి ఊపండి."

"చెయ్యి ఊపితే మైదానం మిగులుతుందా?"

"జాతీయ జట్టు చెయ్యి కదండీ, ఎందుకు మిగలదు?"

"నేను జాతీయ జట్టులో ఆడలేదు. ఎంపిక శిబిరానికి పిలిచారు. మూడో రోజున ఇంటికి పంపించేశారు."

నెగిషిగారు పెద్దగా నవ్వి నావైపు తిరిగారు. "చూశారా సుమియెగారూ, ఇదీ సంస్కారమంటే. ఇప్పటి పిల్లలు రెండు గోల్స్ కొడితే నేల మీద నిలవరు."

మా ఊరి జబ్బే అంత. ఘనమైన వాళ్ళు ఘనత లేదనాలి. మంచి బన్నులు తెచ్చిన ఆయన పనికిమాలినవి అనాలి. ఊరగాయ అద్భుతంగా పెట్టిన ఆవిడ అబ్బే, నోట పెట్టలేరు అనాలి. విన్నవాళ్ళు ఆ మాటను తిరగేసి అర్థం చేసుకోవాలి. మా చెల్లెలు పాతికేళ్ళుగా ఉన్నది ఉన్నట్టు, అరటిపండు ఒలిచినట్టు చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఊరు మెడలో ఇంకో దండ వేస్తూనే ఉంది.

నేను టీ పోస్తూ తల వంచుకున్నాను. తను చెప్పింది నిజమని ఊరంతటిలో తెలిసింది నాకొక్కదానికే. మా ఆయన యసుహికొకి కూడా తెలియదు.

ఎందుకంటే ఆ రోజు ఉత్తరం విప్పింది నేను. తనకు ఇరవై రెండేళ్ళు. ఎక్కడో తువ్వాళ్ళ మిల్లు జట్టులో, పొద్దున మగ్గాల దగ్గరా మధ్యాహ్నం మైదానంలోనూ పని. సొంత ఊరి చిరునామాకి ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి కాగితం వచ్చింది. అందులో శిబిరం అనే ఉంది. నేను జాతీయ జట్టు అన్న మాట వరకే చదువుకుని పరుగున పట్టణ కార్యాలయానికి పోయాను. నాకూ ఇరవై ఎనిమిదే, రోజంతా ఎదుటివాళ్ళ కాలర్లు రుద్దే బతుకు. కౌంటరు దగ్గరున్న వాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జన్మలో నా కోసం ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు. రెండు రోజుల్లో మూడంతస్తుల కార్యాలయం మీంచి కింద దాకా బట్ట వేలాడదీశారు. "శుభాకాంక్షలు. జాతీయ జట్టుకు ఇసోబె చిగుసా." ఆ రోజుల్లో ఆడవాళ్ళ ఆటలు టీవీలో చూపేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. బట్ట నెల రోజులు ఊగి, తుఫానుకి చిరిగింది. తర్వాత బోర్డు వచ్చింది.

సరే, చిగుసా నిలబడతానంది. పిల్లల మైదానం కోసం. నా మీద ప్రేమతో కాదు.

అక్టోబరు మొదట్లో వంటింటి బల్ల మీద తన పరిచయం తయారైంది. ప్రతి అభ్యర్థి పరిచయమూ ఎన్నికల పత్రంలో అచ్చేసి ఇంటింటికీ పంచుతారు. నెగిషిగారు పట్టణం వెబ్‌సైటులోంచి ఎత్తి రాసుకొచ్చారు. పుట్టిన తేదీ, ఎత్తు నూట అరవై ఒకటి, ఎడమ వైపు డిఫెండర్, లీగ్ ఆటలు నూట డెబ్భై ఆరు, గోల్స్ రెండు, మాజీ జాతీయ జట్టు క్రీడాకారిణి. చిగుసా ఎర్ర పెన్ను తీసి చివరి ముక్క కొట్టేసింది.

"అది తీసేస్తే మిగిలేదేముందమ్మా?" అన్నారు నెగిషిగారు.

"నూట డెబ్భై ఆరు ఆటలు మిగిలాయి."

"అవి ఎవరిక్కావాలి?"

చిగుసా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నాకు మండింది. ఇన్నాళ్ళూ మోసిన బోర్డు ఒక్క గీతతో కొట్టేస్తే, రేపు కౌంటరు దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు?

"పెద్దాయన అంత చెబుతుంటే నీకెందుకే అంత పట్టుదల?" అన్నాను.

"నీకెందుకక్కా అంత భయం?" అంది. అని మెట్లెక్కి పోయింది.

నామినేషన్ కాగితాలు ముందే చూసే రోజున నేనూ తోడెళ్ళాను. పట్టణ కార్యాలయంలో కుర్ర గుమాస్తా అద్దాలు సవరించుకుంటూ, "లేని ఘనత రాస్తే నేరమండీ, ప్రతి అక్షరానికీ మీదే బాధ్యత" అని పాఠం అప్పజెప్పాడు. చదివి, గొంతు తగ్గించి, "మేడమ్, జాతీయ జట్టు సంగతి మర్చిపోయారు" అన్నాడు.

"మర్చిపోలేదు. లేదు."

"మరీ ఇంత అణకువ అయితే ఎన్నికల్లో కష్టమండీ" అన్నాడు ఆ చట్టం చెప్పిన నోటితోనే.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒక మధ్యాహ్నం చిగుసా మైదానంలో ఉన్నప్పుడు నెగిషిగారు కరపత్రం నమూనా తెచ్చారు. ఎన్నికల పత్రంలో ఎలాగూ లేదు, మన మద్దతుదారుల కాగితంలోనైనా ఉండాలిగా అన్నారు. చిగుసా ఫొటో, మైదానం ఫొటో, పైన లావు అక్షరాల్లో "మాజీ జాతీయ జట్టు క్రీడాకారిణి."

"తను ఒప్పుకోదండీ" అన్నాను.

"తనని అడిగితే కదా. మీరు అక్క, మీరు సరేనంటే చాలు."

ఇస్త్రీ యంత్రం మూత వేసి, ఆవిరి పోయేదాకా ఆగాను. సరేనన్నాను. మూడు వేల కాపీలు మా దుకాణం వెనక గదిలోనే కట్టలు దిగాయి. నెగిషిగారి మనుషులు రెండు రోజుల్లో పంచేశారు.

ఊరంతా చూరులకు తాళ్ళు కట్టి ముల్లంగులు ఆరబెట్టే రోజులవి. ఒక పొద్దున మా పోస్టు డబ్బాలో ఆకాశరామన్న కాగితం పడింది. మాకే కాదు, ఇంటింటికీ పడింది. "జాతీయ జట్టు రికార్డుల్లో ఇసోబె చిగుసా పేరు ఎక్కడా లేదు. లేని ఘనత చెప్పుకుని ఓట్లడగడం నేరం. పాతికేళ్ళుగా ఊరిని మోసం చేసిన ఇంటికి ఓటేస్తారా?" కింద మన కరపత్రం బొమ్మ కూడా ముద్రించారు, లావు అక్షరాల చుట్టూ నల్ల గీత గీసి.

చిగుసా తన కరపత్రాన్ని మొదటిసారి చూసింది శత్రువుల కాగితంలోనే. దాన్ని పట్టుకుని దుకాణంలోకి వచ్చింది.

"ఇది ఎవరు సరేనన్నారు?"

"నెగిషిగారు..."

"నెగిషిగారు అడిగి వచ్చాను. నువ్వు సరేనన్నావట."

నేను చొక్కా మడుస్తూనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగకు ఏం నోరు లేస్తుంది. అయినా నా నోరు లేచింది.

"అంటే ఏం? గెలవాలని కదా నిలబడ్డావు? ఊరు నీకు ఇచ్చిన పేరు, నేను పుట్టించింది కాదుగా."

"నువ్వే పుట్టించావు."

యసుహికొ కౌంటరులో చిల్లర లెక్కపెడుతున్నాడు. లెక్క ఆపి, నెమ్మదిగా పెరట్లోకి జారుకున్నాడు. ఇల్లరికం వచ్చిన మనిషికి ఎప్పుడు జారుకోవాలో బాగా తెలుసు.

"నూట డెబ్భై ఆరు ఆటలు ఆడానక్కా" అంది చిగుసా. గొంతు పెంచలేదు. "వానలో ఆడాను. ఎముక చిట్లితే కట్టు కట్టుకుని ఆడాను. నువ్వు ఎన్నిటికొచ్చావు?"

"దుకాణం ఎవరు చూస్తారు?"

"ఒక్కదానికీ రాలేదు. ఆడని ఆటకి మాత్రం ఊరంతా బట్ట కట్టించావు. ఆ రోజు శిబిరం నుంచి బస్సులో వస్తున్నాను. ఇంటికొచ్చి నీ పక్కన పడుకుని ఏడవాలనుకున్నాను. కార్యాలయం ముందుకు రాగానే కిటికీలోంచి నా పేరు కనబడింది, మూడంతస్తుల పొడవున. దిగలేదు. చివరి స్టాపు దాకా పోయి అక్కడి ఫోన్ నుంచి నీకు చేశాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఎలా మర్చిపోతాను. ఇప్పుడు రాకు, అన్నాను. ఊరంతా చప్పట్లు కొట్టారు, నేను తలెలా ఎత్తుకోను, ఒక వారం ఎక్కడైనా ఉండు, కాళ్ళు పట్టుకుంటాను రాకు, అన్నాను. తను ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా చివరి స్టాపులో చేపలు ఎండబెట్టే ఒక ముసలమ్మ దగ్గర పని చేసి, ఆవిడ కొట్టులో తలదాచుకుని, అట్నుంచి అటే మిల్లుకి వెళ్ళిపోయింది. ఊరు మాత్రం విదేశాల్లో ఆడుతోందనుకుంది.

"గుర్తు లేదు" అన్నాను.

చిగుసా కాగితాన్ని మడిచిన చొక్కాల మీద పెట్టింది. "ప్రచారం మొదటి రోజున నేనే చెప్పేస్తాను. మైకులో" అంది.

ఆ నాలుగైదు రోజులు నాకు ముందు నుయ్యి వెనుక గొయ్యి. విచిత్రమేమిటంటే ఆకాశరామన్నను ఊరు నమ్మలేదు. అలాంటి కాగితాలు రాసే వాళ్ళ మీదే కోపం వచ్చింది జనానికి. కౌంటరు దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆ జాతీయ జట్టు నీలం చొక్కా ఒక్కటి కిటికీలో తగిలించండి, వాళ్ళ నోళ్ళు మూతపడతాయి అని నాకు సలహాలిచ్చారు. ఏ చొక్కా తగిలించను? మా ఇంట్లో ఉన్నది తువ్వాళ్ళ మిల్లు పచ్చ చొక్కా.

ఉదగావాగారి భార్య కూడా వచ్చింది. భర్త ఎదుటి పక్షమైనా, బట్టలు మాత్రం మా దగ్గరే వేస్తుంది, ఊళ్ళో ఇంకో లాండ్రీ లేదు మరి. చొక్కాలు బల్ల మీద పెడుతూ, "నిప్పు లేందే పొగ రాదంటారు కదా సుమియెగారూ" అంది.

"చేపలు కాల్చేవాళ్ళ ఇంట్లో రోజూ వస్తుందండీ, ఇల్లు అంటుకుందనుకుంటామా" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ప్రచారానికి ఐదే రోజులు. మంగళవారం పొద్దున మా దుకాణం ముందు ఖాళీ స్థలంలో ఆరంభ సభ. సన్నగా జల్లు. గొడుగుల కింద నలభై మంది దాకా వచ్చారు. నెగిషిగారు నుదుటికి తెల్లగుడ్డ కట్టుకుని యుద్ధానికి పోతున్నట్టు తిరుగుతున్నారు. చిగుసా భుజం మీంచి అడ్డంగా గుడ్డ పట్టీ, దాని మీద "అభ్యర్థి ఈమే" అని రాసి ఉంది. ముందు రోజు నేనే ఇస్త్రీ చేశాను.

చిగుసా మైకు తీసుకుంది. మైదానం గురించి చెప్పింది. పదిహేడు మంది పిల్లల పేర్లు వరసగా చెప్పింది. ఆ తర్వాత, "ఇంకొక మాట. నేను జాతీయ జట్టు క్రీడాకారిణిని కాను. శిబిరానికి పిలిచారు, మూడు రోజుల తర్వాత సరిపోనని పంపేశారు. బోర్డులో ఉన్నదీ కరపత్రంలో ఉన్నదీ నిజం కాదు. క్షమించండి" అంది.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. "ఇంత బురద చల్లినా ఒక్క మాట అనకుండా తనని తానే తగ్గించుకుంది చూడు" అని పక్కావిడతో అంటోంది.

"నిజంగానే చెబుతున్నానండీ" అంది చిగుసా.

ఆ మాటకి చప్పట్లు ఇంకా పెరిగాయి.

చిగుసా మైకు దించింది. నావైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. చప్పట్ల మధ్యలో చెట్టంత మనిషి ఒంటరిగా నిలబడింది. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. చప్పట్లు కొట్టేవాళ్ళ మీదా, నెగిషిగారి మీదా, నా మీదా.

మా ఊళ్ళో కాదు అంటే ఎవరూ నమ్మరు. తప్పయిందని తల నేలకు ఆన్చితే మాత్రం నమ్ముతారు. ఆ సంగతి నాకు తెలుసు.

గొడుగు మూసి ముందుకెళ్ళాను. తడి సిమెంటు మీద మోకాళ్ళూని, చేతులూ నుదురూ నేలకు ఆన్చాను. చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ ఉత్తరం శిబిరానికి పిలుపు మాత్రమే. జట్టులోకి ఎంపికైందని పట్టణ కార్యాలయంలో చెప్పింది నేను. తిప్పి పంపేశారని తెలిసీ దాచింది నేను. మొన్నటి కరపత్రానికి తనకి తెలియకుండా సరేనన్నది కూడా నేనే. మా చెల్లెలు పాతికేళ్ళుగా నిజమే చెబుతోంది. తప్పయింది."

ఫోన్ సంగతి చెప్పలేదు. నుదురు నేలకు ఆన్చినా నోరు అక్కడికి వచ్చి ఆగిపోయింది. ఊరిని మోసం చేసిన ఆడదాన్ని అనిపించుకోవడానికి సిద్ధపడ్డాను గానీ, ఏడుస్తూ ఇంటికొస్తానన్న చెల్లెల్ని రావద్దన్న అక్కని అని చెప్పుకోవడం నా వల్ల కాలేదు.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. గొడుగులు ఒకటొకటిగా కదిలాయి. కళ్ళొత్తుకున్నావిడ రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, మర్యాదగా వంగి దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయింది. నెగిషిగారు నుదుటి గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, మైకు బండి సీటు మీద పెట్టారు. ఆయన అల్లుడు ఇంజను ఆపేశాడు.

"లే" అన్నాడు యసుహికొ నా మోచెయ్యి పట్టుకుని. "ఆ ప్యాంటు ఉతుక్కోవాల్సింది కూడా మనమే."

మిగిలింది పదకొండు మంది. అందరూ పిల్లల తల్లులే. ఆ ఐదు రోజులు చిగుసా వాళ్ళతో కలిసి కాలినడకన తిరిగింది. చాలా ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి. రేవు దగ్గర ఒక ముసలాయన వలలు బాగుచేస్తూ తలెత్తకుండానే, "మీ ఇంటిని చూసి మా మనవరాలికి చిగుసా అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు. చిగుసా ఆయనకీ వంగి దణ్ణం పెట్టింది. నేను నాలుగడుగులు వెనక నడుస్తున్నాను. తను రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

పన్నెండు సీట్లకు పదమూడు మంది నిలబడ్డారు. మా చెల్లెలిది పదమూడో స్థానం. ముప్పై ఒక్క ఓట్ల తేడా.

మర్నాడు నెగిషిగారు మైకు బండి అద్దె రసీదు కోసం వచ్చారు. టీ ఇస్తే తాగలేదు. "ఒక్క ఐదు రోజులు నోరు కట్టుకోలేకపోయారా అమ్మా? ఆదివారం దాటాక ఎంత తల బాదుకున్నా అడ్డుపడే వాడెవడు?" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. మైదానం పోయినట్టే, దానికి కారణం నేను. రెండుసార్లూ నేనే కారణం, అబద్ధం చెప్పినప్పుడూ, నిజం చెప్పినప్పుడూ. ఎన్నికల సంఘం చిగుసాని పిలిచి కరపత్రం గురించి రెండు గంటలు ప్రశ్నలడిగి, హెచ్చరించి వదిలేసింది. స్టేషను బోర్డు ఇద్దరు పనివాళ్ళు వచ్చి విప్పేశారు. వెబ్‌సైటులో తన పేజీ మొత్తం తీసేశారు, ఆడిన ఆటలతో సహా.

డిసెంబరులో కొత్త సభ తీర్మానం పాస్ చేసింది. మైదానం చుట్టూ తీగ కట్టారు. పిల్లలు కొన్నాళ్ళు బడి వరండాలో బంతి తన్నుకుని, కిటికీ అద్దం పగిలాక అదీ మానేశారు. చిగుసాకి పని లేదు. ఏడాది చివర రద్దీ కదా అని తనంతట తనే వచ్చి కౌంటరులో నిలబడింది. నేను వెనక ఇస్త్రీ దగ్గర. మధ్యలో వేలాడే కోట్ల వరస. చీటీలు అందుకోవడం, సంచులు అందించడం, అంతకు మించి మాటల్లేవు.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఉదగావాగారి భార్య మొగుడి కోటు తీసుకోవడానికి వచ్చింది. గెలిచిన ఇంటి మనిషి, తొందరేం లేదు. కోటు కాలరు తిప్పి తిప్పి చూసింది.

"మీరేనన్నమాట మూడు రోజుల జాతీయ జట్టు" అంది. "ఏమీ అనుకోకండి, ఊళ్ళో పిల్లలు అంటుంటే విన్నాను."

"లెక్క సరిగ్గానే చెబుతున్నారు" అంది చిగుసా.

"నాకొకటే అర్థం కాదండీ. పంపేశాక మీరు ఊరికి రాలేదు కదా. మరి ఆ రోజుల్లో ఎక్కడున్నారు?"

"చివరి స్టాపులో. చేపలు ఎండబెట్టే ఆవిడ దగ్గర."

"అయ్యో, సొంత ఇల్లు ఉండగా!" ఆవిడ గొంతు తగ్గించింది గానీ, నాకు వినపడేటంతే తగ్గించింది. "మీ అక్కగారే రావద్దని ఉంటారు. అంత పని చేసిన మనిషి ఆ పని చెయ్యదా? చెప్పండి, నా దగ్గర దాచేదేముంది. ఫోనైనా చెయ్యలేదా మీరు?"

ఇస్త్రీ యంత్రం మూత ఎత్తి ఉంది. వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. తను అబద్ధం చెప్పదు. చిన్నప్పుడు బంతి తన కాలికే తగిలి బయటికి పోతే తనే చెయ్యెత్తి చెప్పేసి, జట్టు చేత తిట్లు తినేది. సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది, ఏడుస్తున్న చెల్లెల్ని రావద్దన్న అక్క అని. అననీ. ఉన్నమాటే కదా. కోట్ల సందులోంచి తన వీపు కనిపిస్తోంది. ఆ వీపు ఏం చెబుతుందో వినడానికి పాతికేళ్ళు ఆగినట్టు నిలబడ్డాను.

చిగుసా చీటీ చింపి బల్ల మీది ఇనప ఊచకి గుచ్చింది.

"చేశానండీ. రెండుసార్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. అక్క బట్టలు ఇవ్వడానికి తిరుగుతూ ఉండుంటుంది" అంది. "ఎత్తుంటే రమ్మనే అనేది."

మా చెల్లెలు అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఊరు పాతికేళ్ళుగా ఒక్క మాటా నమ్మని మనిషిని ఉదగావాగారి భార్య అప్పుడు మాత్రం వెంటనే నమ్మేసింది. పాపం, అంటూ కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.